ఒక్క ఓటే పడితే

మూడు గంటలకు పోలింగ్ కేంద్రం అధికారి శ్రీధర్ సారు మళ్ళీ ఆ బొత్తాం నొక్కాడు. ఎమ్మెల్యే ఓట్ల యంత్రం చిన్నగా కూసి ఎర్రటి అంకె చూపించింది. సున్నా. పక్కనున్న రెండో యంత్రం ఎంపీ ఎన్నికది, అదీ సున్నాయే. పొద్దున ఏడింటికి తలుపులు తీసినప్పుడు సున్నా, తొమ్మిదింటికి సున్నా, పదకొండింటికి, ఒంటిగంటకు సున్నా. రెండు గంటలకోసారి ఆయన బొత్తాం నొక్కడం, కాగితం మీద రాసుకోవడం, సిగ్నల్ కోసం బడి వెనక మట్టిదిబ్బ ఎక్కి ఆ సున్నాను పై అధికారులకు చెప్పి రావడం. ఈసారి దిబ్బ ఎక్కలేదు. "మారితేనే చెయ్యమన్నరు మేడం ఫోను," అని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. శ్రీలత తన ముందు ఇసుక గిన్నెలో నిలబెట్టిన సిరా సీసాను ఇటు నుంచి అటు తిప్పింది, అటు నుంచి ఇటు తిప్పింది. ఓటు వేయడానికి వచ్చినవాళ్ళ ఎడమచేతి చూపుడువేలికి గుర్తు పెట్టడం ఆమె పని. పొద్దుటి నుంచి ఒక్క వేలూ రాలేదు. అడవి ఊరు గనుక ఇక్కడ నాలుగింటికే పోలింగ్ ముగుస్తుంది. ఇంకొక్క గంట, ఎంతసేపు, కళ్ళు మూసి తెరిస్తే అయిపోతుంది అనుకుంటుంది గానీ కళ్ళు మూస్తే చాలు లోపల ఏదో ఈగ దూరినట్టు రొద.

ఏప్రిల్ ముప్పై ఎండ రేకుల మీద పడి టకటకమంటోంది. ఎక్కడో ఇప్పపూల వాసన, అంతలోనే తునికాకు కట్టల వాసన, అంతలోనే తన చెమట వాసన. గోడ మీద అ, ఆలు, వాటి పక్కన తోక సగం పెచ్చులూడిన ఆవు. పేర్లు చూసే ఆయనా, చీటీలు రాసే ఆయనా మాట్లాడుకోవడం కూడా మానేశారు. రెండువందల పద్నాలుగు పేర్లున్న జాబితా బల్ల మీద పెళ్ళి ఆగిపోయిన ఇంటి విస్తరాకుల్లా పడి ఉంది. తలుపు దగ్గర హోంగార్డు టీక్యా ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. ఊరి మొగదల రెండు చెట్లకు కట్టిన తెల్లగుడ్డ ఇక్కడి దాకా కనబడుతుంది: వాగు మీద వంతెన లేదు, మా ఊళ్ళో ఓటు లేదు. ఆ గుడ్డ కట్టించిన సోమనర్సయ్యే నిన్న తన ట్రాక్టరు పంపి వీళ్ళను, యంత్రాలను, మంచినీళ్ళ డబ్బాలను వాగు ఇసుక దాటించాడు. "మేమైతే ఓటెయ్యం టీచరమ్మా, గది మా పట్టు. మా ఊరికి వచ్చినోళ్లు మాత్రం పస్తుండొద్దు," అని రాత్రికి కోడికూర పంపాడు. అలాంటి మనిషిని ఎట్లా తప్పు పడతాం. కూర బాగుంది. ముద్ద గొంతు దిగలేదు, అంతే.

ఎందుకు దిగలేదంటే నిన్న వాగు దాటకముందు, సిగ్నల్ పోకముందు ఉమేష్‌కు ఫోన్ చేసింది. ఉమేష్ ఆమె పెనిమిటి, భూపాలపల్లి బొగ్గుబాయిలో పని. రేపు ఓటు మర్చిపోకు అంటే, "గీ ఎండల ఎవలు పోతరే? సెలవిచ్చిండ్రు, జర పండుకోనియ్యి. రాష్ట్రమైతే వచ్చింది గద, ఇగ ఎవడు గెలిస్తేంది," అన్నాడు. ఉమేషేనా ఆ మాట అన్నది. సకల జనుల సమ్మెలో నలభై రెండు రోజులు బాయిలోకి దిగని ఉమేష్, మానుకోట స్టేషన్ దగ్గర రాళ్ళు లేచిన నాడు పరుగెత్తి కాలు బెణికి ఇంటికొచ్చి, ఉడుకునీళ్ళతో కాపడం పెడుతుంటే నొప్పికి మూలుగుతూనే నినాదాలిచ్చిన ఉమేష్. ఇంకొక నెల దాటితే కొత్త రాష్ట్రం. అందరూ పొలం కోసుకొని కొడవలి చూరులో దోపినట్టు కూర్చున్నారు. నూర్చొద్దా, తూర్పారబట్టొద్దా, ఎవరి గాదెలోకి పోతుందో చూసుకోవద్దా. ఇదంతా ఫోన్‌లో అనాల్సింది. అనలేదు. ఎట్లా అంటుంది, ముప్పైమూడేళ్ళొచ్చినా తను ఒక్కసారీ ఓటెయ్యలేదు. ఒకసారి పరీక్షలన్నది, ఒకసారి నిండుచూలాలు, ఒకసారి ఇట్లాగే డ్యూటీ. డ్యూటీవాళ్ళకు వేరే దారి ఉంది, ఫారం నింపి ఇస్తే ఒక కాగితం ఇస్తారు, అదే నియోజకవర్గంలో పని పడితే పనిచేసే చోటనే ఓటు వేయొచ్చు. ఈసారి ట్రైనింగులో ఎవరో ఫారాలు పంచితే అందరితో పాటు నింపింది. ఆఖరి నిమిషంలో ఎవరికో బదులుగా ఆమెను సొంత నియోజకవర్గంలోనే వేశారు. ఆ కాగితం ఇప్పుడు చేతిసంచిలో, దువ్వెనకూ తలనొప్పి మాత్రలకూ మధ్య నాలుగు మడతలుగా పడి ఉంది. ఉంటే ఉంది. మనదొక్కటి పడకపోతే ఆకాశం విరిగి పడుతుందా.

ఒక్క ఓటుతోటి ఏమైతదే అన్నది నాయిన గొంతు. నర్మెట్ట దగ్గర వాళ్ళ ఊళ్ళో, బడి వరండాలో, తనకు పదేళ్ళప్పుడు. అమ్మ రాములమ్మ రెండు గంటలు వరుసలో నిలబడి, తన వంతు వచ్చేసరికి బల్ల వెనకాల మనిషి తలెత్తకుండానే, "రాములమ్మా, నీ ఓటు పడ్డది పో," అన్నాడు. వాడకట్టు మొత్తానిదీ అట్లాగే పడిపోయేది ఆ రోజుల్లో, ఊరి పెద్దలు కూర్చొని గుద్దేసేవారు, జనం బువ్వ తిన్నంత మామూలుగా వెనక్కి తిరిగి వచ్చేవారు. అమ్మ తిరగలేదు. రెండు చేతులూ బల్ల మీద పరిచింది. కలుపు తీసిన చేతులు, గోళ్ళ సందుల్లో నల్లమట్టి. "ఏ వేలుకు పెట్టిండ్రు సిరా? చూపెట్టు సారూ." నాయిన ఎర్రయ్య సిగ్గుతో చచ్చిపోతూ కొంగు గుంజాడు. "పోనియ్యవే, ఒక్క ఓటుతోటి ఏమైతది?" "ఏం గాకపోతే దొంగతనం ఎందుకు జేసిండ్రు? ఉత్త కుండల ఎవడన్న చెయ్యి పెడ్తడా?" లోపలి నుంచి కళ్ళద్దాల అధికారి ఒకాయన లేచి వచ్చి, ఇట్లాంటి వాళ్ళ కోసం వేరే కాగితం ఉంటుందమ్మా, దాని మీద వేస్తే కవరులో పెట్టి సీలు వేస్తాం, కాకపోతే మామూలు లెక్కలోకి రాదు అని ఉన్నమాట చెప్పాడు. "రాకుంటె రాకపాయె. రాములమ్మ ఎయ్యకుండ పోయిందని మాత్రం రాయకు," అన్నది అమ్మ. వేసింది. నెల రోజులు వాళ్ళింటికి కూలి పిలుపు రాలేదు. ఆ కవరు ఎక్కడికి పోయిందో, ఏ బీరువాలో ఏ చెదలు తిన్నదో. అమ్మ పోయి ఆరేళ్ళు. ఇది ఇప్పుడు ఎందుకు గుర్తుకు రావాలి. మూడూ పది.

టీచర్ ట్రైనింగుకు మానుకోట పోయినప్పుడు పాఠం చెప్పే మేడం ఒకామె నోరు తెరిస్తే చాలు నవ్వేది, ఏదీ ఇంకోసారి అను, గిట్ల, గట్ల, భలే ఉంది సినిమాల్లో లాగా అనేది. శ్రీలత కూడా నవ్వేది. నవ్వుతూ నవ్వుతూ మాట మార్చుకుంది, తర్వాత తగ్గించుకుంది, తర్వాత వెనక బల్లకు పోయి కూర్చుంది. మళ్ళీ నోరు తెరిచింది ఉద్యమంలోనే. భూపాలపల్లి నడిరోడ్డు మీద వంటావార్పు నాడు, పొయ్యిల పొగలో కళ్ళు మండుతుంటే ఎవరో మైకు చేతిలో పెట్టారు. ఏం మాట్లాడిందో గుర్తులేదు, గిట్లనే మాట్లాడింది, ఎవరూ నవ్వలేదు, వెనకాల గంటె పట్టుకున్న ముసలామె మాత్రం "అనవే బిడ్డ, అను," అన్నది. ఆ రోజు ఒంట్లో పుట్టిన వేడి ఎటు పోయింది. అంతా అయిపోయిందని ఎవరు చెప్పారు మనకు. ఇంటింటికీ ఉమేష్‌లు కూలర్ల కింద పడుకున్నారు, సంచిలో కాగితం మడత విప్పని తనలాంటివాళ్ళు వేలికి సిరా పెట్టే ఉద్యోగాలు చేస్తున్నారు. బడిలో పొద్దున్నే హాజరు పిలుస్తుంది గదా, పలికిన పిల్లకు టిక్కు, పలకని పిల్ల ఎదురుగానే కూర్చొని ఉన్నా సున్నా. ఈ ఊరిది పలకకపోవడమా, పంతమా. పైవాళ్ళ కాగితం మీద రెండింటికీ ఒకే గుర్తు పడుతుంది. శ్రీలత లేచింది, కిటికీ దాకా పోయింది, వచ్చి కూర్చుంది, మళ్ళీ లేచింది. "ఏంది మేడం పరేషాన్?" అన్నాడు శ్రీధర్ సారు కళ్ళు తెరవకుండానే. మూడూ ఇరవై.

"ఎవరో వస్తున్నరు సార్," అన్నాడు టీక్యా.

నిజంగానే ఎవరో వస్తున్నారు. తెల్లగుడ్డ కింద నుంచి, నెత్తిన మడత పెట్టిన తువ్వాల వేసుకొని, చేతికర్రతో ఒక ముసలామె. ఇళ్ళ ముందర కూర్చున్న మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు, ఎవరూ అడ్డం రావడం లేదు, ఎవరూ పలకరించడమూ లేదు. సోమనర్సయ్య మాత్రం నాలుగడుగులు పక్కనే నడిచాడు. "సుక్కవ్వా, ఊరంత ఒక్క మాట మీద ఉన్నం. నీ ఒక్కదానికి ఏమొచ్చింది? ఓటెయ్యకపోతెనే దిగొస్తరు." ఆమె ఆగి, రొప్పు తీర్చుకొని, గట్టిగానే అన్నది. "పోయినసారి గూడ ఎయ్యలేదు గద నర్సయ్యా. దిగొచ్చిండ్రా? ఐదేండ్లాయె. ఎయ్యని ఊరని మరిచిపోయిండ్రు, గంతే. మా ముసలోని మంచం నువ్వు గూడ మోసినవ్. మరిచినవా?" సోమనర్సయ్య అక్కడే ఆగిపోయాడు. కోపం వచ్చినవాడిలా లేడు, ఎవరో గుండె మీద చెయ్యి పెట్టి ఆపినట్టున్నాడు.

ఆ మంచం సంగతి నిన్న ట్రాక్టరు మీద విన్నదే, చెప్పింది సుక్కి కొడుకే, సోమనర్సయ్య దగ్గర ట్రాక్టరు నడిపే పౌలు. పోయిన ఆషాఢంలో తండ్రికి పాము కరిస్తే మంచం మీద వేసుకొని నలుగురు వాగు దాకా మోశారు. వాగు నిండుగా పోతోంది. తగ్గుతుందేమోనని గట్టున గంటసేపు నిలబడ్డారు. మంచం మీది మనిషి తల తిప్పి నీళ్ళను చూసి, "ఇగ దించుండ్రి బిడ్డా, భుజాలు నొస్తయి," అన్నాడట. అది చెబుతూ పౌలు గేరు మార్చాడు, అంతే, గొంతు మారలేదు. ఆ గొంతు మారకపోవడమే రాత్రంతా శ్రీలత చెవుల్లో తిరిగింది.

సుక్కి లోపలికి వచ్చింది. పేరు దొరికింది, వేలిముద్ర పడింది, శ్రీలత పుల్ల ముంచి, గట్టిపడ్డ ఆ వేలి గోరు మీద గీత గీసింది. పొద్దుటి నుంచి మొదటి గీత, కొంచెం వంకరపోయింది. ముసలామె వేలు ఆరబెట్టుకుంటూ, వంగి, గుసగుసగా అడిగింది. "బిడ్డా, నేనెవలికి ఏస్తనో ఎవలకన్న తెలుస్తదా? ఎయ్యడమంటే ఏస్త, ఏమన్నంటే పడ్త. ఎవలికో తెలిస్తే మాత్రం నా కొడుకు పని ఉండదు. నర్సయ్య మంచోడే, గని ఆయనకూ ఒక పార్టీ ఉన్నది గద."

తెలియదవ్వా, ఎవ్వరికీ తెలియదు. ఈ జవాబు ట్రైనింగులో మూడుసార్లు చెప్పించారు, పుస్తకంలో నల్లటి అక్షరాల్లో ఉంది, నాలుక చివర సిద్ధంగా ఉంది. బయటికి రాలేదు. సున్నా మీద ఒకటి పడుతుంది. అదొక్కటే పడుతుంది. పదహారు రోజుల తర్వాత వరంగల్‌లో యంత్రం విప్పుతారు, ఈ ఊరి పెట్టె అని పేరు చదువుతారు, ఎవరి గుర్తుకు ఎన్ని అని చదువుతారు, ఏజెంట్లు రాసుకుంటారు. అందరికీ సున్నా, ఒకరికి ఒకటి. ఆ ఒకటి ఎవరిదో ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. రహస్యం అంటే నలుగురి మధ్య ఉంటే రహస్యం గానీ, నడిబజారులో ఒంటరిగా నిలబడ్డ మనిషికి ఏం రహస్యం. చట్టం చాటు ఇస్తానన్నది, ఊరు ఆ చాటును ఎత్తుకుపోయింది. కాదు, ఊరొక్కటేనా, రానివాళ్ళందరూ ఎత్తుకుపోయారు, ఎక్కడో కూలర్ కింద పడుకున్నవాళ్ళతో సహా. నేను ఒక్కడిని రాకపోతే ఏమైతది అంటే ఇదీ అయ్యేది, వచ్చినవాళ్ళు ఒంటరైపోతారు. ముసలామె జవాబు కోసం చూస్తోంది, తువ్వాల అంచు కింద ఆ కళ్ళు. ఎవ్వరికీ తెలియదని చెబితే నమ్ముతుంది. నమ్మి లోపలికి పోయి నొక్కుతుంది. పౌలు ట్రాక్టరు దిగి కూలి వెతుక్కుంటాడు. మూడూ ముప్పై అయిదు.

"జర ఆగవ్వా," అన్నది శ్రీలత. లేచి శ్రీధర్ సారు దగ్గరికి పోయి నెమ్మదిగా చెప్పింది. ఆయన మొదట విసుక్కున్నాడు. "రహస్యం రహస్యమే మేడం, మనకెందుకు గవన్ని?" "సార్, గీ పెట్టెల ఒక్కటే ఓటుంటే లెక్కపెట్టేనాడు ఆమె పేరు చదివినట్టే గద." ఆయన యంత్రం వైపు చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఎన్నికలు చేయిస్తున్న మనిషి. "నిజమే," అన్నాడు చివరికి, తనకు తానే చెప్పుకున్నట్టు. శ్రీలత సంచిలో చెయ్యి పెట్టింది. దువ్వెన, మాత్రలు, చిల్లర, రుమాలు, ఎక్కడ చచ్చింది ఆ కాగితం. దొరికింది. మడతలు విప్పి బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. "నా డ్యూటీ ఓటు సార్. ఇక్కడనే ఏస్త." శ్రీధర్ సారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు, నెంబరు చూశాడు, జాబితా చివర ఆమె పేరు రాయించాడు. తలుపు దగ్గర నుంచి టీక్యా గొంతు సవరించుకున్నాడు. "సార్, నా కాడ గూడ ఒకటి ఉన్నది. మా తండా గూడ గీ నియోజకవర్గమే. ఎవలేస్తరులే అని జేబుల్నే పెట్టుకున్న." చెమటకు తడిసి మెత్తబడ్డ కాగితం తీశాడు. సుక్కి ఇదంతా అర్థం అయ్యీ కానట్టు చూస్తూ ఉండి, "నువ్వు నాకు పెట్టినవ్. నీకెవలు పెడ్తరు బిడ్డా?" అన్నది. శ్రీధర్ సారే పుల్ల అందుకున్నాడు.

ముందు సుక్కి పోయింది. అట్ట చాటున చాలాసేపు నిలబడింది, ఒక్కో గుర్తునూ వేలితో తడిమి చూసుకుంటున్నట్టు తువ్వాల కదిలింది, యంత్రం కూసింది, కాసేపటికి రెండోదీ కూసింది. తర్వాత శ్రీలత. అడుగు వేసేంతవరకు ఇది ఆ ముసలామె కోసమే అనుకుంది, ఏదో ఒకటి నొక్కి వస్తే చాటు దొరుకుతుంది, అంతే అనుకుంది. పేర్ల ముందు నిలబడ్డాక వేలు కదలలేదు. ఏదో ఒకటి ఏది. పైన పేరు ఉద్యమంలో ముందు నడిచిన మనిషిది, నడిచినవాళ్ళందరూ కట్టేవాళ్ళు అవుతారా. దాని కింద పేరు వాగు దాకా వచ్చి ఫొటో దిగి పోయిన మనిషిది. ఇంకో పేరు అసలు ఎవరో తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు ఇన్నాళ్ళూ. చివర ఎవరూ వద్దనే బొత్తాం, ఈసారే అసెంబ్లీకి కొత్తగా పెట్టారు. తన బడిలో బాత్రూం లేని ఆడపిల్లలు, ఉమేష్ దగ్గు, ఈ వాగు, మైకు పట్టుకున్న నాడు అడిగినవన్నీ ఒక్కొక్కటే వచ్చి భుజాల వెనక నిలబడ్డాయి. ఇంకొక భయం. ముగ్గురూ ఒకరికే వేస్తే మళ్ళీ చాటు చిరిగిపోతుంది. సుక్కి ఎవరికి వేసిందో అడగరాదు, అడిగితే ఇక మిగిలేదేముంది. కాబట్టి తనకు నిజంగా ఎవరు కావాలో వాళ్ళకే వెయ్యాలి, వేరే దారే లేదు. మనసులో ఒక పేరు నిలబడింది. అది అంత తేలికగా నిలబడుతుందనుకోలేదు. నొక్కింది. యంత్రం కూసింది. ఎంపీకి కూడా నొక్కి ఇవతలికి వచ్చేసరికి కాళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి. తర్వాత టీక్యా పోయి, వచ్చి, మళ్ళీ తలుపు దగ్గర నిలబడ్డాడు.

నాలుగయింది. శ్రీధర్ సారు బయటికి పోయి, నిబంధన ప్రకారం, ఖాళీ వాకిలికి వినపడేలా ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఇళ్ళ ముందు నిలబడ్డవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు గానీ కదలలేదు. యంత్రం మూసి, సీళ్ళు వేసి, లెక్క రాసేసరికి అయిదు దాటింది. మూడు.

ట్రాక్టరు వచ్చింది. పెట్టెలు ఎక్కించారు, వీళ్ళు ఎక్కారు. సుక్కి ఇంటికి పోయిందో ఎటు పోయిందో కనబడలేదు. వాగు ఒడ్డు దాకా సోమనర్సయ్య ట్రాక్టరు వెంటే నడిచి వచ్చాడు, ఇసుకలోకి దిగేముందు చెయ్యెత్తి ఆపమన్నాడు. పౌలు బండి ఆపాడు, తల తిప్పలేదు. స్టీరింగు మీద అతని పిడికిళ్ళు బిగుసుకోవడం వెనక నుంచి శ్రీలతకు కనబడుతోంది.

"ఎన్ని పడ్డయి టీచరమ్మా?"

"మూడు."

"మూడా?" ఆయన వేళ్ళు మడిచి, మళ్ళీ విప్పాడు. "ముసల్ది ఒక్కతే గద వచ్చింది."

"మేం ఇద్దరం ఏసినం పెద్దయ్యా. నేను, టీక్యా. మాకు గూడ ఓటున్నది."

ఆయన ఆమెను చూశాడు, హోంగార్డును చూశాడు. వాగు వైపు చూశాడు. పొడవునా ఎండిన ఇసుక, అక్కడక్కడా మిగిలిన మడుగుల్లో సాయంత్రం వెలుగు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "సుక్కవ్వ ఎవలికి ఏసింది?"

పౌలు వీపు కదలలేదు. శ్రీలత సోమనర్సయ్య కళ్ళలోకి చూసింది. లోపలి ఈగ రొద ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు తెలియలేదు.

"తెల్వదు," అన్నది. "మాకెవ్వలకు తెల్వదు."

అది నిజం. సోమనర్సయ్యకు కూడా అది నిజమని తెలిసింది. ఆయన తల ఊపి, పక్కకు తప్పుకున్నాడు. పౌలు క్లచ్చు వదిలాడు, బండి వాగులోకి దిగింది.